మౌనం అంగీకారం కాదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోను చేసి, "నువ్వు చేసే పని ఏందో మాకెవరికీ సరిగ్గా తెలియదు. అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు. ఇంగ్లీషు తక్కువ వాడు" అన్నారు. మొదటి షరతు కష్టం, రెండోది ఇంకా కష్టం. అయినా ప్రయత్నిస్తాను.

ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం ఒక్కటే. ఒక యంత్రం చెప్పిన మాట ఇంకో యంత్రానికి తప్పు లేకుండా, వేళకు చేరేట్టు చూడటం. ఆ రెండింటి మధ్య మనిషి ఉండడు. ఎవరూ మీట నొక్కరు, ఎవరూ ఫోను ఎత్తరు. ఈ సంగతి చెప్పగానే ఎవరైనా నన్ను అడిగేది ఒకటే: "మరి తేడా వస్తే ఎవర్ని అడగాలి?" ఈరోజు నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. జవాబు కోసం అమెరికా, జపాను పోనక్కర్లేదు. గూడూరు స్టేషను, శ్రీహరికోట, మన సముద్రం, మన రొయ్యల గుంటలు చాలు.

ముందుగా మన ఊరి ముచ్చట ఒకటి. చిన్నప్పుడు మనలో చాలామంది జేబుల్లో కాకిబంగారం పెట్టుకుని తిరిగినవాళ్లమే. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపక్కల గనుల్లో దొరికే అభ్రకం అది. నెమలీకతో పాటు దాన్ని కూడా పుస్తకాల మధ్య దాచుకునేవాళ్లం. ఆ రేకు గుండా కరెంటు పారదు. వేడికి చెడదు. ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా పొరలు ఊడతాయి. అందుకే ఒకప్పుడు రేడియోల్లో కండెన్సర్లకు, విద్యుత్ యంత్రాల్లో ఇన్సులేషనుకు అభ్రకమే కావలసి వచ్చింది. మన నేల సరుకు ఓడలెక్కి పోయింది. యంత్రాలు గాలిలో మాట్లాడటం నేర్చుకుంటున్న రోజుల్లో మన ఊరి మట్టి కూడా ఆ పనికి ఒక చెయ్యి వేసింది.

ఇంతకీ యంత్రాలు ఏం మాట్లాడుకుంటాయి? మనలాగా కబుర్లు చెప్పుకోవు. ఒక యంత్రం పంపే కబురులో సాధారణంగా నాలుగు ముక్కలుంటాయి. నేను ఎవరిని, ఇప్పుడు టైమెంత, నేను చూసిందేమిటి అన్నవి మొదటి మూడు. నాలుగోది ఒక లెక్క. కిరాణా కొట్టు చీటీ గుర్తు తెచ్చుకోండి. సరుకుల ధరలన్నీ వరసగా రాసి, కింద గీత గీసి మొత్తం వేస్తాడు. ఇంటికొచ్చి మనం మళ్లీ కూడితే మొత్తం కలవకపోతే, మధ్యలో ఎక్కడో అంకె చెడిందని తెలిసిపోతుంది. యంత్రాలూ అంతే. కబురుతో పాటు మొత్తం కూడా పంపుతాయి. అందుకున్న యంత్రం కూడి చూసుకుంటుంది. కలవకపోతే ఆ కబురు పారేసి, మళ్లీ పంపమంటుంది. ఉరుము వల్లనో మెరుపు వల్లనో దారిలో అక్షరం చెడితే దొరికిపోవడం ఇలాగే.

ఇప్పుడు స్టేషనుకు పోదాం.

మన జంక్షన్‌లో మద్రాసు వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి, రేణిగుంట వైపు నుంచి వచ్చే దారులు కలుస్తాయి. ఇన్ని బండ్లు ఒకదానికొకటి తగలకుండా పోవాలంటే, ముందు తెలియాల్సింది ఒక్కటే: ఈ పట్టా మీద బండి ఉందా, లేదా? ఈ ప్రశ్నకు మనిషి కన్ను అక్కర్లేకుండా యంత్రం చేత జవాబు చెప్పించడం 1872లోనే సాధ్యమైంది. అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఆయన చేసిన ఏర్పాటు అది. దాన్ని ట్రాక్ సర్క్యూట్ అంటాం.

అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కొంత దూరం పట్టాలను మిగతా పట్టాల నుంచి విద్యుత్ పరంగా విడదీస్తారు. ఒక చివర బ్యాటరీ పెట్టి రెండు పట్టాల్లో సన్నని కరెంటు పంపిస్తారు. రెండో చివర రిలే ఉంటుంది. కరెంటు అందుతున్నంతసేపు రిలే పైకి లేచి ఉంటుంది. దాని అర్థం, దారి ఖాళీ. బండి రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు అటే పోతుంది, రిలే దాకా రాదు. రిలే కింద పడుతుంది. సిగ్నల్ ఎర్రగా మారుతుంది.

రాబిన్సన్ గొప్పతనం ఎక్కడుందో చూడండి. బండి వస్తే కరెంటు పారేట్టు కూడా ఆయన పెట్టి ఉండవచ్చు. అలా పెట్టలేదు. బండి లేనంతసేపు కరెంటు పారాలన్నాడు. తేడా ఏమిటంటే, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా కరెంటు ఆగిపోతుంది, రిలే పడిపోతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. బండి లేకపోయినా సరే, బండ్లు ఆగుతాయి. ప్రయాణికులు విసుక్కుంటారు. కానీ ప్రాణాలతో ఉండి విసుక్కుంటారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. పెళ్లిచూపుల్లో ఆ మాట చెల్లుతుందేమో కానీ నా వృత్తిలో చెల్లదు. అవతలి యంత్రం నుంచి మాట రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు, అంతా బాగుందనీ కాదు. అక్కడేదో ప్రమాదం ఉందనే అనుకోవాలి. 'దారి ఖాళీ' అని ఎవరో పనిగట్టుకుని, ప్రతి క్షణం చెబుతూ ఉంటేనే దారి ఖాళీ. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే నా ఉద్యోగంలో సగం మీకు తెలిసిపోయినట్టే.

ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్ సర్క్యూట్లకు బదులు ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వచ్చాయి. పిల్లల్ని తిరునాళ్లకు తీసుకుపోయిన తల్లి చేసే పనే అవీ చేస్తాయి. ఈ చివర ఎన్ని ఇరుసులు లోపలికి పోయాయి, ఆ చివర ఎన్ని బయటికి వచ్చాయి? రెండు అంకెలూ సమానమైతేనే దారి ఖాళీ. ఒక్క ఇరుసు తక్కువైనా, ఒక పెట్టె లోపల తెగి ఉండిపోయిందేమోనని దారి మూసే ఉంచుతుంది.

అయితే చాలా కాలం ఈ మాటలన్నీ నేల మీద ఉన్న యంత్రాల మధ్యే నడిచాయి. ఇంజన్‌కు మాత్రం కబురు డ్రైవర్ కంటి ద్వారానే చేరేది. పొగమంచులో, కుండపోత వానలో, తెల్లవారుజామున మూడు గంటలకు ఆ కన్ను సిగ్నల్‌ను చూడాలి, చూసింది బుర్రకెక్కాలి. ఆ లంకెను కూడా యంత్రానికి అప్పజెప్పినదే కవచ్.

లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్నా, కవచ్ ఎదిగింది మాత్రం ఎక్కువగా తెలుగు నేల మీదే. ప్రయాణికుల బండ్ల మీద తొలి పరీక్షలు 2016లో మన దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి. దాన్ని తయారుచేయడానికి మొదట అనుమతి పొందిన మూడు కంపెనీలూ హైదరాబాదువే. 2020 జులైలో దీన్ని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలోనే 1,465 కిలోమీటర్ల దారిలో అమర్చారు.

కవచ్‌లో సంభాషణ ఇలా ఉంటుంది. పట్టాల మధ్య స్లీపర్లకు చిన్న చిన్న ట్యాగులు బిగించి ఉంటాయి. ఊళ్లలో కిలోమీటరు రాళ్లలాంటివి అనుకోండి. ఇంజన్ అడుగున ఉన్న యంత్రం వాటి మీదుగా పోతూ తానెక్కడుందో చదువుకుంటుంది. ఆ చోటు, తన వేగం రేడియోలో స్టేషనుకు చెబుతుంది. స్టేషనులోని యంత్రం సిగ్నళ్లనూ పాయింట్లనూ చూసి, నువ్వు ఇంకా ఇంత దూరం రావచ్చు, ఈ వేగం దాటొద్దు అని జవాబిస్తుంది. డ్రైవర్ ఆ హద్దు మీరబోతే మొదట హెచ్చరిక. వినకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. దగ్గరలో ఉన్న రెండు ఇంజన్లు తమలో తాము కూడా పలకరించుకుంటాయి. స్టేషనుతో మాట తెగిపోయిందా, పాత అనుమతిని పట్టుకుని గుడ్డిగా పోవడం ఉండదు. అంటే ఇక్కడ కూడా మౌనం అంగీకారం కాదు.

2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూశారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒక ఇంజన్‌లోనే ఉన్నారు. రెండోదానికి 380 మీటర్ల దూరంలో ఆయన ఇంజన్ తనంతట తానే ఆగింది. ఆ రోజు ఆయన నమ్మకం ఉంచింది రెండు యంత్రాల మధ్య నడిచిన మాట మీద.

ఇక శ్రీహరికోట. రాకెట్ ఎగిరినప్పుడల్లా మేడలెక్కి చూడటం మనకు అలవాటే. ప్రయోగానికి ముందు చివరి నిమిషాల్లో పనంతా కంప్యూటర్ల చేతికి పోతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. రాకెట్‌లోని యంత్రాలు, నేల మీది కంప్యూటర్లు వందల సంగతులు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఏ ఒక్క మాట సరిగా లేకపోయినా లెక్కింపు ఆగుతుంది.

2023 అక్టోబరు 21 ఉదయం గగన్‌యాన్ కోసం టీవీ-డీ1 అనే పరీక్షా వాహనాన్ని పంపే పని పెట్టుకున్నారు. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. సరిగ్గా ఐదు సెకన్ల ముందు లెక్కింపు ఆగిపోయింది. ఆపింది మనిషి కాదు, నేల మీది కంప్యూటర్. ఇంజన్ రగిలే తీరు తనకు చెప్పిన విధంగా కనిపించలేదు, అంతే, ఆపేసింది. శాస్త్రవేత్తలు కారణం వెతికారు, సరిచేశారు. పది గంటలకు ప్రయోగం జయప్రదంగా జరిగింది. ఐదు సెకన్లలో ఏ అధికారి ఫైలు చూసి సంతకం పెట్టగలడు? ఆపే తొందర యంత్రానిది, మళ్లీ మొదలుపెట్టే నిర్ణయం మనుషులది. పని పంచుకోవడం అంటే ఇలా ఉండాలి. ఆపడానికి యంత్రానికి పూర్తి హక్కు ఇవ్వాలి. ఆపినదాన్ని కదిలించాలంటే మనిషి కారణం తెలుసుకుని తీరాలి.

సముద్రం దగ్గరికి వద్దాం. 2004 డిసెంబరు 26 ఇక్కడున్న ఎవరూ మరిచిపోలేదు. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. తొమ్మిది గంటల ప్రాంతంలో మన తీరానికి సునామీ వచ్చింది. మధ్యలో రెండు గంటలకు పైగా సమయం ఉంది. ఆ రెండు గంటల్లో గంగపుత్రులు వలలు సర్దుకుంటున్నారు, పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. కెరటం బయలుదేరిన సంగతి సముద్రానికి తెలుసు. మనకు చెప్పేవాళ్లే లేరు.

ఆ తర్వాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదులో! అది అక్కడ కూర్చుని ఎలా వింటుంది? నడి సముద్రంలో, వేల మీటర్ల లోతున, అడుగున ఒక యంత్రం కూర్చుని ఉంటుంది. తన నెత్తి మీద ఎంత నీరుందో బరువును బట్టి కొలుస్తుంది. ఆటుపోట్లకు నీరు ఎంత పెరగాలో, ఎంత తగ్గాలో దానికి ముందే తెలుసు. లెక్కకూ కొలతకూ తేడా 3 సెంటీమీటర్లు దాటితే, అనుమానం వచ్చిందన్నమాట. అన్ని వేల మీటర్ల నీటిలో మూడు సెంటీమీటర్లు! అప్పటిదాకా తీరిగ్గా కబుర్లు పంపేది కాస్తా గబగబా పంపడం మొదలుపెడుతుంది.

అయితే ఉప్పునీటి అడుగు నుంచి రేడియో పైకి రాదు. అందుకని ఆ యంత్రం శబ్దంతో మాట్లాడుతుంది. తిమింగలాల్లాగా అనుకోండి. పైన తేలే బోయా ఆ కూత విని, దాన్ని రేడియో మాటగా మార్చి ఉపగ్రహానికి చెబుతుంది. ఉపగ్రహం హైదరాబాదుకు చెబుతుంది. నీటిలో శబ్దం, గాలిలో రేడియో, నేల మీద కంప్యూటర్. మూడు భాషలు, ముగ్గురు దుబాసీలు, మధ్యలో మనిషి లేడు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో మళ్లీ భూకంపం వచ్చింది. ఈసారి కేంద్రం నిమిషాల్లోనే సంగతి పట్టుకుంది. పెద్ద సునామీ పుట్టలేదని కూడా సముద్రమట్టం కొలిచే యంత్రాలే చూపించాయి. ప్రమాదం ఉందని చెప్పడం ఎంత ముఖ్యమో, లేదని కొలిచి చెప్పడమూ అంతే ముఖ్యం. ప్రతిసారీ ఊళ్లు ఖాళీ చేయిస్తే నాలుగోసారి ఎవరూ కదలరు.

ఈ గొలుసులో తేలిగ్గా తెగేది బోయానే. దాని చుట్టూ చేపలు చేరతాయని వేట బోట్లు దగ్గరికి పోతాయి, వలలు తగులుకుంటాయి, ఒక్కోసారి పరికరాలు ఊడదీసుకుపోతారు. బోయాలు అలా మూగబోయిన సందర్భాలున్నాయి. అందుకే తీరం ఊళ్లలో మన బంధువులకు, విద్యార్థులకు చెప్పండి: నడి సముద్రంలో తేలే ఆ పసుపు డబ్బా సర్కారు సామాను మాత్రమే కాదు, మన ఇంటి తలుపు గంట.

ఇక రొయ్యల గుంట. కోట, వాకాడు, చిల్లకూరు వైపు మన వాళ్లు ఎంతమంది ఈ వ్యాపారంలో ఉన్నారో చెప్పనక్కర్లేదు. గుంటలో ప్రాణవాయువు పగలు పెరుగుతుంది, రాత్రంతా తరుగుతుంది. ఎందుకంటే పగలు నీటిలోని నాచు వాయువు ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున గండం. 4 పీపీఎం పైన ఉంటే నిశ్చింత. 3 కంటే కిందికి దిగితే రొయ్య తట్టుకోలేదు. ఇప్పుడు నీటిలో సెన్సర్ పెడుతున్నారు. వాయువు తగ్గగానే అది కంట్రోలర్‌కు చెబుతుంది, కంట్రోలర్ ఏరేటర్లను తిప్పుతుంది, రైతు ఫోనుకు కబురు పంపుతుంది. కరెంటు పోతే జనరేటర్‌ను కూడా అదే లేపుతుంది. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరిగే పని తగ్గింది.

మా చిన్నమ్మ కొడుకు ఇలాంటిదే ఒకటి కొని పెట్టించుకున్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఒక రాత్రి పిడుగు పడి గుంట దగ్గర సిగ్నల్ పంపే పెట్టె చచ్చిపోయింది. వీడు పన్నెండుకు ఒకసారి, మూడుకు ఒకసారి లేచి ఫోను చూశాడు. తెర మీద 5 అని పచ్చటి అంకె. పడుకున్నాడు. తెల్లారి పోయి చూస్తే గుంటలో రొయ్యలన్నీ అంచులకు చేరి తేలుతున్నాయి. "అన్నా, నేను చూస్తానే ఉన్నా కదా, బానే ఉందని చెప్పిందే!" అని ఫోనులో ఏడ్చాడు. అది చెప్పలేదు నాయనా. ఆ 5 రాత్రి తొమ్మిది గంటల నాటి మాట. ఆ తర్వాత యంత్రం నోరు మూగబోయింది. తెర మాత్రం పాత మాటనే పట్టుకుని పచ్చగా వెలుగుతూ ఉంది. మౌనాన్ని అంగీకారంగా చూపించిన తెర అది. ఒక పంట సొమ్ము, బ్యాంకు అప్పు, ఇంట్లో పెట్టుకున్న పెళ్లి, అన్నీ ఆ పచ్చటి అంకె వెనకాల పోయాయి.

దీనికి మందు కొత్తదేమీ కాదు. ఇలాంటి చిన్న యంత్రాలు ఎక్కువగా వాడే భాష ఒకటుంది, ఎంక్యూటీటీ అని. 1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు చమురు పైపులైన్ల మీది పరికరాల కోసం తయారుచేశారు. అందులో నాకు బాగా నచ్చే ఏర్పాటు ఒకటుంది. ప్రతి యంత్రమూ పనిలో చేరేటప్పుడే మధ్యవర్తి దగ్గర వీలునామా రాసి పెట్టవచ్చు: 'నా నుంచి ఇంతసేపు పలుకు లేకపోతే, నేను పోయానని ఫలానా వాళ్లకు చెప్పు.' చెప్పడానికేమీ లేకపోయినా మధ్యమధ్య 'ఉన్నాను' అంటూ ఉంటుంది. అది ఆగిపోతే మధ్యవర్తి వీలునామా తెరిచి చదువుతాడు. ఈ ఏర్పాటు వాడుకుని ఉంటే ఆ రాత్రి ఫోను గట్టిగా మోగేది. మీలో గుంటలున్నవాళ్లు పరికరం కొనేటప్పుడు ఎన్ని అంకెలు చూపిస్తుందని అడగొద్దు. 'ఇది చచ్చిపోతే నాకెలా తెలుస్తుంది?' అని అడగండి. అమ్మేవాడి ముందే దాని తీగ పీకి, మీ ఫోను మోగుతుందో లేదో చూడండి. మోగకపోతే డబ్బులివ్వొద్దు.

ఇక మొదటి ప్రశ్న. తేడా వస్తే ఎవర్ని అడగాలి?

2023 జూన్ 2న ఒడిశాలో, బాలాసోర్ దగ్గర బహనాగా బజార్ స్టేషనులో ఘోరం జరిగింది. మన గూడూరు మీదుగా మద్రాసు వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సే అది. మెయిన్ లైనులో పొమ్మని సిగ్నల్ పచ్చగా ఉంది. పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉంది. అక్కడ గూడ్సు బండి నిలబడి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. యంత్రాలు అబద్ధమాడాయా? లేదు. అంతకుముందు జరిగిన మార్పుల్లో, గేటు దగ్గరి పెట్టెలో తీగలు తప్పుగా కలిపారని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. తీగలు ఇచ్చిన తప్పుడు మాటనే యంత్రం నిజాయితీగా ముందుకు చేరవేసింది. ఏడాది ముందు అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో ఇలాంటి తప్పు వైరింగే బయటపడిందనీ, అప్పుడే అంతటా సరిచూసుకుని ఉంటే ఈ ప్రమాదం తప్పేదనీ కూడా ఆ నివేదిక చెప్పింది.

నేను చెప్పిన సూత్రానికి ఇక్కడ ఒక హద్దు కనిపిస్తోంది, గమనించారా? మాట ఆగిపోతే యంత్రం జాగ్రత్తపడగలదు. తప్పుడు మాట నిబ్బరంగా వస్తూ ఉంటే దానికి తెలియదు. దాన్ని పట్టుకోగలిగింది తీగ కలిపిన మనిషి, కలిపాక పరీక్షించాల్సిన ఇంకో మనిషి, ఆ పరీక్షకు టైము ఇవ్వాల్సిన పై అధికారి. 'మనిషి ప్రమేయం లేకుండా' అంటాం కానీ, ఆ మాట పూర్తి నిజం కాదు. మాట్లాడే క్షణంలో మనిషి ఉండడు, అంతే. అంతకు ముందే ఉంటాడు. నెల ముందో, ఏడాది ముందో, స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఎండలో, పెట్టె ముందు గొంతుక్కూర్చుని. అడగాల్సింది అతన్ని ఒక్కణ్నే కాదు, అతని పనిని రెండోసారి చూడకుండా సంతకం పెట్టినవాళ్లని కూడా.

యంత్రాలు వచ్చి ఉద్యోగాలు పోతాయని మన పిల్లల తల్లిదండ్రులు దిగులుపడుతున్నారు. కొన్ని పోతాయి. గట్టు మీద టార్చిలైటు పట్టుకుని తిరిగే పని పోతుంది. కానీ ఆ పెట్టె తీగలు కలిపేవాళ్లు, కలిపినవి సరిచూసేవాళ్లు, పిడుగు పడ్డ మర్నాడు వచ్చి బాగుచేసేవాళ్లు కావాలి. ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు చేసే పని అది. దాన్ని చిన్నచూపు చూసే ఊరు దాని ధర ప్రాణాలతో కడుతుంది.

అందుకే సంఘానికి రెండు మనవులు చేస్తాను. దండలకూ శాలువాలకూ అయ్యే ఖర్చులో చిన్న భాగంతో రెండూ అవుతాయి.

మొదటిది మన బడి సైన్స్ గదిలో. రెండు ఇనప చువ్వలు, ఒక బ్యాటరీ, ఒక రిలే, ఎర్రదీ పచ్చదీ రెండు బల్బులు. వీటితో తొమ్మిదో తరగతి పిల్లలు ట్రాక్ సర్క్యూట్ తామే కట్టుకోగలరు. బొమ్మ బండి పెట్టి ఎర్రదీపం వెలగడం చూస్తారు. తర్వాత బండి తీసేసి, తీగ కత్తిరించమనండి. అప్పుడూ ఎర్రదీపమే. ఎందుకని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిన బిడ్డ ఏ వృత్తిలోకి పోయినా పనికొస్తాడు. వచ్చి నేర్పడానికి నేను సిద్ధం.

రెండోది మన గురించి. ఒక బ్యాచ్ వాట్సాప్ గ్రూపు సంగతి ఈ మధ్య విన్నాను. అందులో ఒకాయన చనిపోయిన విషయం మిగతావాళ్లకు నాలుగు నెలల తర్వాత తెలిసిందట. ఆ నాలుగు నెలలూ ఆయన నంబరుకు శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు పోతూనే ఉన్నాయి. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆయన మాట్లాడకపోతే, బాగానే ఉండి ఉంటాడులే అనుకున్నారు. మౌనాన్ని అంగీకారంగా లెక్కవేశారు.

ఈ హాల్లో మన మాస్టార్లు, టీచరమ్మలు కూర్చుని ఉన్నారు. కొందరు జంటగా ఉన్నారు, కొందరు ఒంటరిగా ఉన్నారు. పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఇద్దరు శిష్యుల పేర్లు రాసుకుందాం. ఒకరు ఎక్కడున్నా సరే, ఒకరు మాత్రం గూడూరులోనే ఉండాలి. ప్రతి ఆదివారం దూరాన ఉన్నవాడు ఫోను చేయాలి. విశేషాలు ఉండక్కర్లేదు. "సార్, బాగున్నారా" అంటే చాలు. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే ఊళ్లో ఉన్నవాడు సాయంత్రం లోపల ఇంటికి పోయి తలుపు తట్టాలి. ఫోను చార్జింగు అయిపోయి ఉంటే మంచిదే, కాఫీ తాగి రండి.

జాబితా పుస్తకం తలుపు దగ్గర బల్ల మీద పెట్టించాను. పేజీకి ఒక గురువు పేరు, కింద రెండు ఖాళీ గీతలు. భోజనాలకు పోయే ముందు దయచేసి ఆ గీతలు నింపండి.

సెలవు.